సింగిల్ సైన్ ఆన్ ప్లగిన్‌లో లాగిన్ లోపం: అప్‌డేట్ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: వర్డ్‌ప్రెస్ సైటులో సింగిల్ సైన్ ఆన్ ప్లగిన్ (బయటి ప్రొవైడర్ దగ్గరున్న ఖాతాతోనే సైటులోకి లాగిన్ చేయించేది) వాడుతున్నాం. ఆ ప్రొవైడర్ ఇచ్చే టోకెన్‌లో (లాగిన్ అయ్యేది ఎవరో చెప్పే, సంతకం చేసిన డేటా ముక్క) ఈమెయిల్ మార్చి పంపితే పాస్‌వర్డ్ లేకుండానే అడ్మిన్‌గా లాగిన్ అయిపోతోంది. కొత్త వెర్షన్ వచ్చింది. అది వేస్తే పనైపోయినట్టేనా?

జవాబు 1: కాదండీ. అప్‌డేట్‌తో కొత్తగా ఎవరూ దూరలేరు, ఇప్పటికే దూరినవాళ్లు మాత్రం లోపలే ఉంటారు. వర్డ్‌ప్రెస్ లాగిన్ కుకీ మామూలుగా 2 రోజులు, ‘రిమెంబర్ మీ’తో అయితే 14 రోజులు పనిచేస్తుంది.

ముందు డేటాబేస్‌నూ సర్వర్ లాగ్‌లనూ కాపీ తీసి పక్కన పెట్టండి, తర్వాత ఆధారాలు చెరిగిపోతాయి. ఆపైన అప్‌డేట్ చేయండి. వెంటనే కుదరకపోతే ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేయండి. తర్వాత కాన్ఫిగ్ ఫైల్‌లోని 8 కీలు, సాల్ట్‌లు (లాగిన్ కుకీలు అసలైనవేనని తేల్చడానికి వాడే రహస్య పదాలు) అన్నీ మార్చండి. దాంతో అందరి సెషన్లూ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి. ఈ వరుస తప్పొద్దు: లోపం ఉండగానే సాల్ట్‌లు మారిస్తే, దాడి చేసేవాడు మరుక్షణం మళ్లీ లాగిన్ అవుతాడు.

ప్రశ్న: మా ప్లగిన్ కోడ్‌లో సొంత మార్పులున్నాయి, అప్‌డేట్ చేస్తే అవి పోతాయి. కోడ్‌లోనే సరిచేయాలంటే ఎక్కడ చూడాలి?

జవాబు 2: లాగిన్ కుకీ పెట్టే లైన్ వెతికి, అక్కడి నుంచి వెనక్కి చదువుకుంటూ రండి. ఆ లైన్‌కి చేరే ప్రతి దారిలోనూ టోకెన్ సంతకం తనిఖీ (దాన్ని ప్రొవైడరే ఇచ్చాడా, మధ్యలో ఎవరూ మార్చలేదా అని చూడటం) ఉండి తీరాలి. ఎక్కువగా దొరికే తప్పు ఒకటుంది, చూడటానికి చాలా అమాయకంగా ఉంటుంది. పీహెచ్‌పీలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై ఫంక్షన్ సంతకం సరైతే 1, తప్పైతే 0 ఇస్తుంది. తనిఖీ మధ్యలోనే ఎర్రర్ వస్తే -1 గానీ ఫాల్స్ గానీ ఇస్తుంది. ఉత్త ‘ఇఫ్’లో పెడితే -1 కూడా నిజం కిందే లెక్క, లాగిన్ ఇచ్చేస్తుంది. అందుకే మూడు ఈక్వల్ గుర్తులతో 1తో పోల్చండి.

సంతకం ఆల్గోరిథమ్‌ను టోకెన్ హెడర్ (దాని మొదటి భాగం) చెప్పినట్టు తీసుకోకండి. హెడర్‌లో ‘నన్’ అని రాసి పంపితే సంతకం అడగని కోడ్ ఇంకా కనిపిస్తోంది. ఆర్‌ఎస్256 (ప్రైవేట్ కీతో సంతకం, పబ్లిక్ కీతో తనిఖీ) వాడుతుంటే అదొక్కటే ఒప్పుకోండి. లేకపోతే అందరికీ తెలిసిన పబ్లిక్ కీనే రహస్యంగా వాడి హెచ్‌ఎస్256తో (సంతకానికీ తనిఖీకీ ఒకే రహస్య కీ) దొంగ సంతకం పెట్టొచ్చు. సంతకం సరిపోయినా ఇష్యూయర్ (టోకెన్ ఇచ్చింది ఎవరు), ఆడియన్స్ (ఏ యాప్ కోసం ఇచ్చారు), గడువు, నాన్స్ (ఒక్కసారికే పనికొచ్చే విలువ) చూడాల్సిందే. ఆడియన్స్ చూడకపోతే అదే ప్రొవైడర్ వేరే యాప్‌కి ఇచ్చిన టోకెన్ మీ సైటులో చెల్లుతుంది.

ఖాతాను ఈమెయిల్‌తో గుర్తించడం మానేయండి. ఇష్యూయర్, సబ్జెక్ట్ ఐడీ (ప్రొవైడర్ ఆ యూజర్‌కి ఇచ్చిన గుర్తింపు) రెండూ కలిపి యూజర్ మెటాలో (వర్డ్‌ప్రెస్ ప్రతి యూజర్‌కి దాచే అదనపు వివరాలు) దాచి, వాటితోనే వెతకండి.

ప్రశ్న: సరైందని నమ్మకం ఎలా?

జవాబు 2: టెస్ట్ కాపీలో అసలైన టోకెన్ ఒకటి తీసుకోండి. చుక్కలతో విడిపోయిన మూడు భాగాల్లో మధ్యదాన్ని డీకోడ్ చేసి, ఈమెయిల్‌లో ఒక్క అక్షరం మార్చి, మళ్లీ ఎన్‌కోడ్ చేసి పంపండి. తర్వాత మూడో భాగం ఖాళీగా వదిలి పంపండి. గడువు తీరినది కూడా పంపండి. మూడూ తిరస్కరించాలి, కుకీ ఒక్కటి కూడా రాకూడదు.

జవాబు 1: ఇప్పటికే దూరినవాళ్ల జాడ కూడా వెతకాలి. అడ్మిన్ల జాబితాలో తెలియని పేర్లున్నాయేమో చూడండి. ప్రతి అడ్మిన్ ప్రొఫైల్‌లో అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు (బయటి యాప్‌లు సైటులోకి రావడానికి ఇచ్చే విడి పాస్‌వర్డ్‌లు) కూడా చూడండి. వర్డ్‌ప్రెస్ 5.6 వెర్షన్ నుంచి ఇవి ఉన్నాయి. సాల్ట్‌లు మార్చినా ఇవి చెల్లుతూనే ఉంటాయి, విడిగా రద్దు చేయాలి.