గూటి నుంచి పడిన కొంగపిల్లను మళ్లీ గుంపులో కలపడం ఎలా?

మాది ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. ఏటా వానాకాలం మా ఊరి చెట్ల మీద ఓపెన్‌బిల్ కొంగలు (నత్తలు తినే కొంగలు) గూళ్లు కడతాయి, వాటికి ఎవరూ హాని చెయ్యరు. మొన్న గాలివానకి కొమ్మ విరిగి గూడు మొత్తం కింద పడింది, బతికింది ఒక్క పిల్లే, తల్లి మళ్లీ కనిపించలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో పెంచకూడదని తెలుసు, ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేశాను, రేపు వస్తామన్నారు.

అప్పటిదాకా ఏం చెయ్యాలి? చెరువు నత్తల గుల్ల తీసి ముక్కలు పెడితే తింటోంది, నీళ్లు మాత్రం పొయ్యడానికి భయంగా ఉంది. పెద్దవాటికుండే ముక్కు మధ్య సందు దీనికింకా రాలేదు, గుల్లలోంచి నత్తని లాగడం ఎవరు నేర్పుతారు? నన్ను చూడగానే నోరు తెరుస్తోంది, మనుషులకి అలవాటు పడిపోతుందేమోనని టెన్షన్. పక్క గూడు దగ్గర బుట్ట కట్టి పెడితే వేరే కొంగలు మేపుతాయా, పొడుస్తాయా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.