పోరంబోకు, పట్టా కలిసిన చోట కొంగల రక్షణకు ఏ సెక్షన్?

మాది కోనసీమ. తొలకరికి నత్తగుల్ల కొంగలు వచ్చి మా చెరువుగట్టు చింతచెట్ల నిండా గూళ్లు కడతాయి. కింద నేలంతా నత్తగుల్లలే. గట్టు చెరువు పోరంబోకు, పక్క దొడ్డి పట్టా. గూళ్లు రెండుచోట్లా ఉన్నాయి. రైతు ఒప్పుకున్నాడు, పంచాయతీ తీర్మానమూ అయింది. అర్జీ పెడితే అటవీశాఖ వాళ్లు రెవెన్యూకి వెళ్లమన్నారు, వాళ్లేమో తిరిగి అటే పంపారు.

కోరింగలా అభయారణ్యం అడగట్లేదు. చెరువులో చేపలు పట్టుకునేవాళ్ల హక్కులు పోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 36ఏ (కన్సర్వేషన్ రిజర్వు) ప్రభుత్వ భూమికి, 36సీ (కమ్యూనిటీ రిజర్వు) ప్రైవేటు లేదా ఊరుమ్మడి భూమికి అని ఉంది. పంచాయతీ చేతిలోని చెరువు పోరంబోకును ఊరుమ్మడి భూమిగా చూపి, పట్టాతో కలిపి 36సీ కింద ఒకే ప్రతిపాదన పంపొచ్చా?