అపాప్టోసిస్‌లో రెండో 'ప' పలకాలా?

"రెండో 'ప' పలకవద్దు" అన్న ఫుట్‌నోట్ ఒకటి లీలగా గుర్తు. ఎక్కడ చదివానో తట్టడం లేదు. మొన్న నలుగురిలో, కణాలు తమంతట తామే చనిపోవడం గురించి చెబుతూ 'అపటోసిస్' అన్నాను, పక్కాయన 'అపాప్టోసిస్' అని సరిదిద్దారు. అప్పట్నుంచి ఆ మాట వస్తే టెన్షనే. విరుపు ఎక్కడండీ? అపాప్-టోసిసా, అపో-ప్టోసిసా?

> ఆ పేరు పెట్టిన పేపర్లోనే ఉందండీ. 1972, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్. కెర్, విల్లీ, కరీ. మాట అందించింది ఆబర్డీన్ గ్రీకు ప్రొఫెసర్ కార్మాక్. చెట్టు నుంచి ఆకు రాలినట్టు కణం రాలిపోవడం. రెప్ప వాలిపోతే డాక్టర్లు 'టోసిస్' అంటారుగా, చివర అలాగే అనమన్నారు. కన్నవాళ్లే చెప్పాక ఇంకేం చర్చ?

> పేరు పెట్టేది కన్నవాళ్లు, పిలిచేది ఊరు. హెలికాప్టర్‌లో 'ప్టెర్' అంటే రెక్క. టెరొడాక్టిల్‌లోనూ అదే, అక్కడ మొదట్లో ఉంది కాబట్టి 'ప' మింగేశారు. నడిమధ్యన మింగరు. హెలికాటర్ అన్నవాణ్ణి చూశారా?

> మనకెందుకీ బాధ? సప్త, గుప్త అంటూ పెరిగిన నోళ్లు. పైగా 'ప' తీస్తే గణం చెడుతుంది. సంయుక్తం ముందున్న 'పా' ఎలాగూ గురువే. 'అపటోసిస్' అంటే అది లఘువైపోతుంది. యగణం కాస్తా సగణం!

> మాస్టారూ, 'పా'కి దీర్ఘం మీరు రాసుకున్నదే. అది వదిలేయండి, అసలు రుచి ధాతువులో ఉంది. సంస్కృతంలో పత్ అంటే పడడం, ఎగరడం కూడా. లుఙ్ అనే భూతకాల రూపంలో 'అపప్తత్'. అదిగో మీ 'ప్త'! 'పతతీతి పత్రం', రాలేది గనక ఆకు.

> పడడానికీ ఎగరడానికీ మూలధాతువులు వేరని వాదించేవాళ్లున్నారు. తొందరపడకండి. ఆకులంటే హోమరు గుర్తొచ్చాడు. ఇలియడ్ ఆరో సర్గలో మనుషుల తరాలు ఆకుల్లాంటివంటాడు గ్లౌకస్ అనే వీరుడు. గాలి వాటిని నేలమీద 'పోస్తుంది'. రాల్చడం కాదు, నీళ్లలా పోయడం! ఆ క్రియ ముందు మన ప్టోసిస్ ఎంత?

> అక్కడ అపోప్టోసిస్ అన్న మాటే లేదు కదండీ.

> లేదు కనకనే చెప్పాను.

బాగుందండీ. గురువారం మళ్లీ నేనే మాట్లాడాలి. ఇంతకీ ఏమనమంటారు?

> 'అపో' దగ్గర చిన్నగా ఆగి దగ్గండి.