ఏప్రిల్ 11 ఉగాది సభ: కడప పిల్లలు చదివే గంట గురించి

అందరికీ నమస్కారం. ఈ ఏడాది (2025) ఉగాది మార్చి 30 ఆదివారం. రంజాన్ పండుగ కూడా ఆ రోజుల్లోనే. అందుకే కువైట్‌లో ఉన్న మన తెలుగువాళ్ళ సభ ఏప్రిల్ 11 శుక్రవారానికి పెట్టుకున్నాం. హాలు, భోజనాలు, ఫర్వానియా, మహబూలా నుంచి బస్సులు, ఇవన్నీ మొన్నే తేలిపోయాయి. ఇక మాట్లాడాల్సింది కడప కాలేజీ పిల్లలు వీడియోలో వచ్చి, తాము పడ్డ కష్టాలను కవితగానో కథగానో చెప్పే ఆ ఒక్క గంట గురించే.

ఎనిమిది మంది వాయిస్ రికార్డు చేసి పంపారు. రెండు రాత్రులు కూర్చుని అన్నీ విన్నాను. ఒక పాప తన కవిత సంగతి ఇక్కడ చెప్పొచ్చని ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నా. తను ఆరో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ ఇక్కడికి ఇంటిపనికి వచ్చింది. తొలిసారి పంపిన పెట్టెలో సబ్బులున్నాయి. వాడుకోమని అవ్వ ఎంత చెప్పినా, ఒక సబ్బును మాత్రం కవరు విప్పకుండా పుస్తకాల సంచిలో పెట్టుకుని తిరిగిందట. ఇంటర్‌కి వచ్చేసరికి వాసన పోయింది. కవిత అక్కడే ఆగిపోతుంది. విన్నాక కాసేపు ఏ పనీ చేయలేకపోయాను. మనం ఊరికి పంపిన పెట్టెల్లో ఎన్ని సబ్బులు పెట్టి ఉంటాం!

పండుగ పూట ఏడుపు ఎందుకు, కాస్త తగ్గించి చదివిద్దాం అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఒప్పుకోను. ఒక్క మాట కూడా దిద్దొద్దు.

సౌండ్, వీడియో చూసే తమ్ముడు:
అక్కా, ఇక్కడ నాలుగుకు మొదలుపెడితే కడపలో ఆరున్నర. అమ్మాయిలు హాస్టల్‌కి వెళ్ళాలి, ఇద్దరు ప్రొద్దుటూరు బస్సు ఎక్కాలి. రెండున్నరకు పెడదామా? అక్కడ ఐదవుతుంది. ఫేస్‌బుక్ లైవ్ కూడా ఏర్పాటు చేస్తా.

రెండున్నరే ఖాయం. లైవ్ మాత్రం వద్దు తమ్ముడూ, రికార్డింగ్ కూడా వద్దు. హాల్లో కూర్చునేవాళ్ళలో ఆ పిల్లల అమ్మానాన్నలే ఉండొచ్చు. ఒక అబ్బాయి కథ ఏమిటో చెప్పను. నిన్న రాత్రి ఫోన్ చేసి, "మా నాయన ఆ సభకు వస్తాడా అక్కా?" అని మాత్రం అడిగాడు. ముందు నాయనతో తనే మాట్లాడతానన్నాడు. అందుకే పట్టికలో మూడో చోటు రాయకుండా వదిలేశాను. చివరి నిమిషంలో వద్దన్నా ఎవరూ కారణం అడగొద్దు. పిల్లల ఇంటిపేరు, కాలేజీ పేరు మైకులో చెప్పొద్దు.

కడప నుంచి అన్న:
పిల్లలు కూర్చోవడానికి సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో చోటు అడుగుతున్నాం తల్లీ. వేమన పద్యాలు వెతికించి 1829లో అచ్చు వేయించిన దొర బంగళా ఉన్న చోటు అంటే పిల్లలు సంబరపడ్డారు. దొరక్కపోతే మా మిద్దె మీద కుర్చీలు వేస్తాం. చదివినవాళ్ళు వెంటనే ఒంటరిగా వెళ్ళిపోకుండా నేనూ మీ వదినా వాళ్ళతో కూర్చుంటాం, టీ తాగి మాట్లాడుకుని పంపిస్తాం. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416 కాగితం మీద రాసి అందరికీ ముందే ఇస్తాను. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు.

చాలా సంతోషం అన్నా. ఇంకో పని మిగిలింది. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015 నుంచి ఇక్కడ చట్టం ఉన్నా, ఇళ్ళల్లో చేసే ఆడవాళ్ళందరికీ శుక్రవారమే దొరకదు. ఆ పాప వాళ్ళమ్మకూ దొరకలేదు. కూతురు చదివే ఐదు నిమిషాలూ ఆమెకు ఫోన్ కలిపి, హాల్లో స్పీకరు దగ్గర పట్టుకుని నిలబడే మనిషి ఒకరు కావాలి. ఆ రోజు వాళ్ళకు వేరే ఏ పనీ పెట్టను.

భోజనాలు చూసే చెల్లెలు:
అది నాకు వదిలెయ్ అక్కా, వడ్డనకు వేరేవాళ్ళను చూస్తా. శుక్రవారం ఆ వేళకు ఆమె గిన్నెలు తోముతూ ఉంటుంది, ఫోన్ చేత్తో పట్టుకోవడం కుదరదు. ముందే ఒక ఇయర్‌ఫోన్ తీసుకెళ్ళి ఇస్తాను. ఏ వీధో నాకు విడిగా పంపు.