ఒక్కడినే లాంగ్ డ్రైవ్, నావిగేటర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఒంటరిబండి:
అందరికీ నమస్తే. వచ్చే వారం ఫస్ట్ టైమ్ కార్లో ఒక్కడినే బయల్దేరుతున్నా, రెండు రోజులు, 900 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఇన్నాళ్లూ పక్క సీట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లు, మ్యాప్ చూడ్డం వాళ్ల డ్యూటీ, లెఫ్ట్ అంటే లెఫ్ట్ తిప్పడం నా డ్యూటీ, అందుకే దారుల విషయంలో నేను సున్నా. ఫోన్ ఉంది, దాంతోపాటు డాష్‌బోర్డు మీద అంటించే పాత జీపీఎస్ నావిగేటర్ ఒకటి అటక మీద దొరికింది. మధ్యలో ఓ 150 కిలోమీటర్లు టవర్ సిగ్నల్ ఉండదట, అప్పుడు ఫోన్‌లో మ్యాప్ ఆగిపోతుందా? ఇంకోటి, ఆ పాతది ఆన్ చేస్తే డేట్ దాదాపు 20 ఏళ్ల కిందటిది చూపిస్తోంది, కానీ బాణం మాత్రం కరెక్ట్‌గా మా వీధిలోనే ఉంది. అది పాడైనట్టా, బాగున్నట్టా?

మ్యాప్‌పిచ్చి:
బ్రో, జీపీఎస్‌కీ టవర్‌కీ సంబంధం లేదు, చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుంటారు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు పంపే సిగ్నల్‌ని ఫోన్ ఊరికే వింటుంది అంతే, పైకి ఏమీ పంపదు, కనీసం నాలుగు దొరికితే ఎక్కడున్నావో లెక్క కట్టేస్తుంది. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మకీ, ట్రాఫిక్‌కీ. కాబట్టి దారి పొడుగునా ఉన్న ఏరియా మొత్తం ఇంట్లోనే ఆఫ్‌లైన్‌లోకి దించుకో, లేకపోతే తెల్ల కాయితం మీద నీలం చుక్క ఒక్కటే తిరుగుతుంటుంది. దించుకున్నాక వైఫై, డేటా రెండూ ఆపేసి ఒకసారి రూట్ వెతికి చూడు, ఈ టెస్ట్ చెయ్యకుండా మాత్రం బయల్దేరకు.

పాతదాని డేట్ గోల వేరే. జీపీఎస్ వారాల లెక్కని 10 బిట్లలో, అంటే పది సున్నా-ఒకట్ల గళ్లలో పంపుతుంది, అందుకే 1024 వారాలకోసారి, దాదాపు 20 ఏళ్లకోసారి, మళ్లీ సున్నా నుంచి మొదలు. 1999 ఆగస్టులో ఒకసారి అయింది, 2019 ఏప్రిల్‌లో రెండోసారి. అప్‌డేట్ అందని డబ్బాలు వెనక్కి వెళ్లిపోయాయి. చాలావాటిలో లొకేషన్ మాత్రం సరిగ్గానే వస్తుంది. నీకు అసలు ఇబ్బంది అందులో ఉన్న పాత మ్యాప్‌తోనే, కొత్తగా పడ్డ బైపాస్ మీద వెళ్తుంటే అది నిన్ను పొలాల్లో నడుపుతున్నట్టు చూపిస్తుంది, నిమిషానికోసారి యూటర్న్ తీసుకోమని ప్రాణం తీస్తుంది.

రాత్రిబండి:
పైన చెప్పినదంతా కరెక్టే కానీ తమ్ముడూ, నువ్వు ఎక్కడున్నావో దానికి తెలుసు, ముందున్న రోడ్డు ఎలా ఉందో తెలీదు. నేనూ ఒక్కడినే వెళ్తున్నా ఆ రోజు, సెట్టింగ్స్‌లో ఫాస్టెస్ట్ బదులు షార్టెస్ట్ అని పెట్టి ఉంది, నేను చూసుకోలా. పొద్దుగూకే టైముకి మెయిన్ రోడ్డు దింపేసింది, 11 కిలోమీటర్లు ఆదా అట. తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి మట్టి, చివరికి రెండు టైర్ల గాడులూ మధ్యలో గడ్డీ, ఆ గడ్డి కారు కింద బరబరా రాసుకుంటోంది, ఇదేమో తాపీగా 'నేరుగా వెళ్లండి' అంటోంది. ముందు నీళ్లు. లోతెంతో తెలీదు. తిప్పుకోడానికి చోటు లేదు, అర కిలోమీటరు రివర్స్‌లో వచ్చా, దిగి వెనక చూడ్డం మళ్లీ ఎక్కి పది అడుగులు పోవడం, మళ్లీ దిగడం. పక్కన ఇంకో మనిషుంటే పది నిమిషాల పని, నాకు గంట పట్టింది.

అప్పట్నుంచీ నా రూల్ ఒకటే, తారు అయిపోయిన చోటే ఆగుతా, ఇంకొంచెం చూద్దాం అనుకోను. జీపీఎస్ మీద మొండి నమ్మకంతో ఎడారి రోడ్లలో చిక్కుకుపోయేవాళ్లని చూసి చూసి అమెరికాలో డెత్ వ్యాలీ రేంజర్లు దానికి 'డెత్ బై జీపీఎస్' అని పేరే పెట్టారు.

పాతకాపు:
ఇవన్నీ ఎందుకండీ, పేపర్ మ్యాప్ కొనుక్కోండి, బ్యాటరీ అయిపోదు.

తారురోడ్డు:
పాతకాపు గారూ, నడిపేవాళ్లే మడత విప్పి చదవాలంటే బండి పక్కకి ఆపాల్సిందే కదండీ, ఒక్కరే వెళ్లేవాళ్లకి కుదిరేది కాదు. నేనైతే ముందురోజు రాత్రి రూట్ మొత్తం జూమ్ చేసి చూసుకుని, పెద్ద మలుపులు ఓ ఏడెనిమిది కాయితం మీద పెద్దక్షరాలతో రాసి స్టీరింగ్ పక్కన అంటిస్తా. నావిగేటర్ ఏదైనా తేడాగా చెప్తే అక్కడే తెలిసిపోతుంది.

ఫ్లైఓవర్ల దగ్గర జాగ్రత్తండి. పైనున్నామో కింద సర్వీస్ రోడ్డులో ఉన్నామో దానికి సరిగ్గా అర్థం కాదు, ఎత్తు లెక్కలో తప్పు ఎక్కువ వస్తుంది, అక్కడ బోర్డే చూసుకోవాలి. ఆగి ఉన్నప్పుడు బాణం ఎటు చూపినా పట్టించుకోకండి, అయస్కాంతం హోల్డర్ అయితే ఫోన్‌లో దిక్సూచి ఇంకా గందరగోళపడుతుంది, కాస్త కదిలితే అదే సర్దుకుంటుంది. ఫోన్ ఎండలో అద్దం వెనక పెట్టకండి, ఛార్జింగ్ పెట్టి స్క్రీన్ ఆన్‌లో ఉంటే కాలిపోతుంది, ముందు డిమ్ అవుతుంది తర్వాత ఆఫే. ఏసీ గాలి తగిలే చోట బిగించుకోండి.

ఒంటరిబండి:
అందరికీ థాంక్స్. ఇప్పుడే డేటా ఆపేసి టెస్ట్ చేశా. ఆఫ్‌లైన్ బాగానే పనిచేసింది కానీ మొత్తం 1,240 కిలోమీటర్లు చూపించింది, ఇదేంట్రా అని జూమ్ తీసి చూస్తే నేను సేవ్ చేసుకున్నది అదే పేరున్న ఇంకో ఊరు. వారం నుంచీ పిన్ అక్కడే ఉంది. అటక డబ్బాలో కూడా అదే ఊరు కొట్టానేమో, వెళ్లి చూస్తా.