కొత్త ఈతకొలను గచ్చుపై టీ రంగు మరకలు: నీరు తోడి ఆసిడ్‌తో కడిగించవచ్చునా?

ప్రశ్న (రాయగడ నుంచి):
రాయగడ శివార్లలో మేము నడుపుతున్న విడిదిలో 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు గల ఈతకొలను కట్టించాము. తెల్ల సిమెంటు, చలువరాతి పొడి కలిపిన పూత పూర్తయి నేటికి 20 రోజులు. బోరు నీటితోనే నింపి, మరునాడే 2 కిలోల బ్లీచింగ్ పౌడరు చల్లించాను. నాలుగో నాటికి అడుగంతా పలుచని టీ డికాక్షను రంగు పట్టింది. టేకు చెట్టు వైపు ఆకు ఆకారంలోనే ఎర్రని మచ్చలు, నిచ్చెన దగ్గర మిరియపు గింజలంత తుప్పు చుక్కలు కూడా ఉన్నాయి. కట్టినవారు నీటిదే దోషమని చేతులు దులుపుకున్నారు. నీరంతా తోడి ఆసిడ్‌తో కడిగితే తెల్లబడుతుందని తాపీ మేస్త్రి అంటున్నాడు. ఆ మాట వినవచ్చునా?

జవాబు (గుణుపురం నుంచి):
అయ్యా, ఈ వానల్లో నీరు తోడించకండి. భూమిలో నీటిమట్టం పైకి వచ్చినప్పుడు ఖాళీ కొలనును కింది నీరు పైకి నెట్టి, అడుగు పగిలే ప్రమాదం ఉంది. పైగా నెల కూడా నిండని పూతపై ఆసిడ్ పోస్తే అది మరకతో పాటు సిమెంటునూ తినివేసి, రాతి పొడి గరుకుగా బయటపడుతుంది. ఆ గరుకులో రేపు ఇంతకంటే ఎక్కువ మురికి పడుతుంది.

ముందుగా మరక ఏమిటో తేల్చుకోండి. మందుల దుకాణంలో దొరికే విటమిన్ సి మాత్రను గుడ్డలో కట్టి, కర్ర చివరన బిగించి, మరకపై రెండు మూడు నిమిషాలు అదిమి పట్టండి. అక్కడ తెల్లబడితే అది ఇనుము. బోరు నీటిలో కరిగి ఉన్న ఇనుము కంటికి కనబడదు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. కొత్త పూత నుంచి ఊరే సున్నం నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 8 దాటించడం వలన ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. కొత్త కొలనులో మొదటి కొన్ని రోజులు క్లోరిన్ వేయవద్దనడానికి ఇదొక కారణం. టేకాకు మచ్చల గురించి బెంగ వద్దు. తర్వాత క్లోరిన్ సక్రమంగా నిలిస్తే అవి తామే పాలిపోతాయి.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
నిచ్చెన దగ్గరి చుక్కలను మాత్రం నీటి ఖాతాలో వేయనీయకండి. చువ్వలు కట్టిన బైండింగ్ వైరు కొసలు పూతకు మరీ దగ్గరగా మిగిలిపోతే సరిగ్గా అలాగే చుక్కలుగా తుప్పు ఊరుతుంది. మాత్రతో రుద్దితే పోయినట్టే పోయి మళ్ళీ వస్తుంది. వానలు తగ్గాక, చుట్టూ చెక్కి, వైరును లోతుగా కత్తిరించి, అదే మిశ్రమంతో పూడ్చాలి. అది కట్టినవారి బాధ్యత కనుక ఇప్పుడే ఫొటోలు తీసి, రాతపూర్వకంగా తెలియజేయండి. ఇనుప తీగల బ్రష్షు వాడనివ్వకండి. తెగిన తీగలు మరిన్ని చుక్కలకు మూలమవుతాయి. నైలాను బ్రష్షే వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
మాత్ర పెట్టిన చోట రూపాయి బిళ్ళంత తెల్లగా వచ్చింది. కొలనంతటికీ ఏం చేయాలి? నాచు రాకుండా మైలతుత్తం వేయమని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు (గుణుపురం నుంచి):
మైలతుత్తం వద్దు. అది రాగి లవణం. ఇనుము మరక పోయిన చోట నీలి పచ్చ మరక పడుతుంది.

మీ కొలనులో సుమారు 90,000 లీటర్లు ఉంటాయి. క్లోరిన్ వేయడం ఆపితే రెండు మూడు రోజుల ఎండకు అది దాదాపు సున్నాకు వస్తుంది. మబ్బు పడితే మరికొంత ఆగండి. క్లోరిన్ ఉండగా వేసిన విటమిన్ సి వృథా. పీహెచ్ 7.2 దగ్గరకు తెచ్చి, పంపు నడుస్తుండగా కిలో ఆస్కార్బిక్ ఆసిడ్ (అంటే విటమిన్ సి) పొడిని మరకలున్న వైపు చల్లించండి. మరక కరిగిందంటే ఇనుము నీటిలోకి వచ్చిందనే తప్ప కొలను దాటి పోలేదు. అందువలన వెంటనే, ఇనుమును నీటిలోనే పట్టి ఉంచి మళ్ళీ మరక కట్టనివ్వని మెటల్ సీక్వెస్ట్రెంట్ అనే మందును డబ్బాపై చెప్పిన మోతాదులో పోసి, ఆ తర్వాత క్లోరిన్‌ను కొద్దికొద్దిగా పెంచండి. తొందరపడి ఒక్కసారే వేస్తే మరక మళ్ళీ అక్కడే కూర్చుంటుంది.

ఇకపై తగ్గిన నీటిని నింపేటప్పుడు బోరు నుంచి నేరుగా వదలకుండా, తొట్టిలో పట్టి, కొంచెం బ్లీచింగ్ కలిపి రాత్రంతా ఉంచి, తుప్పు పేరుకున్నాక పైతేట మాత్రమే కొలనులోకి పంపండి.