"2 రోజులు క్రితం": తప్పు ఎవరిది?

ఒక యాప్‌లో "2 రోజులు క్రితం" అని చూశాను. పంటి కింద రాయి పడ్డట్టయింది. "రోజుల క్రితం" కదా? అదే యాప్‌లో "ఒక గంట క్రితం" మాత్రం సరిగ్గానే ఉంది. రాసినవాళ్లకి తెలుగు సగమే వచ్చా?

— తెలుగు వచ్చండీ, అచ్చులో పోసినట్టు అతికించడమే చిక్కు. మొమెంట్ జేఎస్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ (తేదీలు, సమయాలు చూపించడానికి యాప్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్) తెలుగు ఫైల్లో "రోజులు" ఒక ముక్క, "క్రితం" ఇంకో ముక్క. ప్రోగ్రామ్ రెండింటినీ పక్కపక్కన పెడుతుంది. ఒకటికి "ఒక గంట", "ఒక రోజు" కాబట్టి తేడా తెలియదు. ఒకటి దాటాకే బయటపడుతుంది. పరీక్షించేవాళ్లు ఒకటితో చూసి వదిలేస్తే అంతే.

— బహువచనం "లు" తర్వాత "క్రితం" లాంటి మాట ఆనుకుంటే "ల" అవుతుంది: నిమిషాల క్రితం, నెలల క్రితం. "ఇల్లులో" అనం, "ఇంట్లో" అంటాం, అదే సంగతి. ఆ ఫైల్లో భవిష్యత్తుకి "లో" ఉందని విన్నాను, అది ఇంకా ఇబ్బంది. "రెండు రోజుల్లో వస్తా" అంటే ఆలోపు ఎప్పుడైనా రావచ్చు. సరిగ్గా రెండో రోజైతే "రెండు రోజుల తర్వాత" అనాలి.

— అవును మాస్టారూ, "%s లో" అనే ఉంది (%s ఉన్నచోట "2 రోజులు" లాంటిది వచ్చి కూర్చుంటుంది). జర్మన్‌కీ ఇదే గొడవ. "రెండు రోజులు" విడిగా "త్స్వై టాగె", "క్రితం" అనేటప్పుడు "ఫోర్ త్స్వై టాగెన్". అందుకే వాళ్ల ఫైల్లో రెండు రూపాలూ పెట్టి, "క్రితం" లాంటి మాట తోడుందా లేదా చూసి ఎంచుకునే ఫంక్షన్ రాశారు. మనకీ అదే సరిపోతుంది. అన్నట్టు, ఆ తెలుగు ఫైల్లో పది కొట్టగానే మధ్యాహ్నం! ఉదయం పదిన్నర మీటింగ్ "మధ్యాహ్నం" అని వస్తుంది.

— రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషవాళ్లు సరదా మనుషులు. దాని యాక్టివ్ సపోర్ట్ అనే లైబ్రరీలో అంకెకే "2.డేస్.అగో" అని తగిలిస్తారు. రూబీలో మెథడ్ (ఇలా తగిలించే ఆదేశం) పేరు తెలుగు లిపిలో కూడా పెట్టొచ్చు కాబట్టి నేను "2.రోజుల_క్రితం" రాసుకున్నా, పనిచేసింది! అందులో "ఫోర్ట్‌నైట్" కూడా ఉంది, 14 రోజులు. మన పక్షానికి 15 తిథులు, సరిపోదు. రేపటికి "టుమారో" ఉంది గానీ ఎల్లుండికి ఏమీ లేదు.

— ఎల్లుండి, మొన్న రెండూ పెట్టేయ్ తమ్ముడూ.

— ఎల్లుండి తేలికే అక్కా, ఇవాళకి రెండు కలపడమే. మొన్నతోనే తంటా. "మొన్న కలిశాం" అంటే రెండు రోజుల కిందా, రెండు నెలల కిందా?

— మా అమ్మ "మొన్ననే కదా పెళ్లయింది" అంటే ఆరేళ్లు.